జెర్సీ మీద వాళ్ల పేరు సరే, వాళ్ల మస్టర్‌లో మన పిల్లల పేరో?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. వచ్చే ఆదివారం కమిటీలో తేల్చాల్సిన విషయం కాబట్టి అక్కడికొచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా మా మాట ఇక్కడే చెప్పేస్తున్నాం.

పోయిన మీటింగుకు రాని వాళ్లకు ముందు సంగతి. మన పిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంటుకు మూడేళ్ల పాటు ఖర్చు పెట్టుకుంటామని బెంగళూరు బయట ఉన్న ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. జెర్సీలు, బంతులు, రాత్రి ఆటకు లైట్లు, గెలిచిన జట్టుకు నగదు అన్నీ వాళ్లవే. బదులుగా టోర్నమెంటుకు ముందు వాళ్ల కంపెనీ పేరు, జెర్సీ మీద వాళ్ల గుర్తు ఉండాలి. ఇంత మాటకే మీటింగు రెండుగా చీలింది. పెద్దవాళ్లు "మన తాతల పేరు మీద నడిచే కప్పును కంపెనీకి అమ్ముకుంటామా" అన్నారు. కుర్రాళ్లు "జెర్సీ మీద పేరు లేని జట్టు ఇవాళ ఎక్కడుంది మామా" అన్నారు. కాఫీలు చల్లారిపోయాయి గానీ మాట తెగలేదు.

రెండు పక్షాలూ తప్పు ప్రశ్న దగ్గర కొట్టుకుంటున్నాయని మాకు అనిపించింది. పేరు ఉండాలా వద్దా అన్నది చిన్న విషయం. పేరు పెట్టుకున్నవాడు ఆడే పిల్లకు, పిల్లవాడికి ఏమవుతాడు అన్నది అసలు విషయం. ఈ మాట గాల్లో అనడం లేదు. కంపెనీల పేర్ల మీదే పుట్టి, కంపెనీల పేర్ల మీదే బతికి, పద్నాలుగేళ్లకు పోయిన ఒక లీగు కథ ఉంది. అమెరికాది. ఆ కథ చెప్పి మన దగ్గరకు వస్తాం.

దాని పేరు నేషనల్ ఇండస్ట్రియల్ బాస్కెట్‌బాల్ లీగ్. 1947లో మొదలైంది. మొదట్లో అయిదు జట్లు. మిల్వాకీలో క్రేన్లు చేసే హార్నిష్‌ఫెగర్ వాళ్లది ఒకటి, అదే ఊళ్లో ఎలక్ట్రికల్ సామాను చేసే ఆలెన్-బ్రాడ్లీ వాళ్లది ఒకటి. ఆక్రన్ ఊరి నుంచి గుడియర్ టైర్ల కంపెనీ, ఫోర్ట్ వేన్ నుంచి జనరల్ ఎలక్ట్రిక్, పియోరియా నుంచి క్యాటర్‌పిల్లర్. క్యాటర్‌పిల్లర్ అంటే పచ్చరంగు బుల్డోజర్ల కంపెనీ. మన కె.జి.ఎఫ్.లో బెమెల్ వాళ్లు చేసే యంత్రాల్లాంటివే అనుకోండి. మరుసటి సీజన్‌కు ఓక్లహోమా రాష్ట్రంలోని బార్ట్‌ల్స్‌విల్ అనే ఊరి నుంచి ఫిలిప్స్ పెట్రోలియం జట్టు వచ్చి చేరింది. తర్వాత్తర్వాత ఎవరెవరు వచ్చారో చూస్తే నవ్వొస్తుంది. సియాటిల్ నుంచి రొట్టెల బేకరీ జట్టు, డెన్వర్ నుంచి లారీల కంపెనీ జట్టు, న్యూయార్క్ నుంచి అంటించే టేపు కంపెనీ జట్టు. పేర్లు కూడా అలాగే ఉండేవి, బేకర్స్, ట్రక్కర్స్, టేపర్స్ అని. మన పెద్దలు ఒక్క పేరుకే బాధపడుతున్నారు, అక్కడ లీగు మొత్తం అంగళ్ల బోర్డులే.

కానీ ఆ బోర్డుల వెనక ఒక ఏర్పాటు ఉంది. మనం చూడాల్సింది దాన్ని. ఆ ఆటగాళ్లు అమెచ్యూర్లు. ఆడినందుకు డబ్బు పుచ్చుకోకూడదు, పుచ్చుకుంటే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ పోటీల్లోకి, ఒలింపిక్స్‌లోకి దారి మూసుకుపోతుంది. అందుకని కాలేజీలో బాగా ఆడిన కుర్రాడిని కంపెనీ పిలిచి ఉద్యోగం ఇచ్చేది. పగలు ఆఫీసు పని, సాయంత్రం ప్రాక్టీసు, సీజన్‌లో ఊరూరా ఆటలు. జీతం పనికే, ఆటకు కాదు. దీన్ని చూసి "దొంగ అమెచ్యూర్లు" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కొంత నిజమే. పొడుగు చూసి ఉద్యోగం ఇచ్చి, పని నేర్పడం తర్వాత సంగతి. కానీ పని మాత్రం నిజంగానే నేర్పారు. ఆ ముక్క దగ్గరే మా మనసు ఆగింది.

బాబ్ కర్లాండ్ సంగతి తీసుకోండి. ఏడడుగుల మనిషి. ఓక్లహోమా ఎ అండ్ ఎం కాలేజీకి 1945, 1946లో వరసగా రెండేళ్లు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. రింగు మీదకు దిగుతున్న బంతిని చేత్తో తోసేస్తున్నాడని అతనిలాంటి పొడుగువాళ్ల కోసం రూలే మార్చారు. అలాంటివాడు కాలేజీ అయ్యాక ప్రొఫెషనల్ ఆటకు పోలేదు. ఫిలిప్స్ కంపెనీలో చేరాడు. ఆరేళ్లు కంపెనీ జట్టుకు ఆడాడు. 1948 లండన్‌లో ఒక బంగారు పతకం, 1952 హెల్సింకీలో ఇంకొకటి. ఆట మానేశాక ఏం చేశాడన్నదే మాకు ముఖ్యం. అదే కంపెనీలో మార్కెటింగు పనిలో పైకొచ్చి, పెద్ద అధికారిగా 1985లో రిటైరయ్యాడు. ఆడింది ఆరేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం ముప్పై ఏళ్ల పైనే. ఈ లెక్క కాసేపు గుర్తుంచుకోండి.

1946లో ప్రొఫెషనల్‌కు పోకపోవడం మనకు ఇప్పుడు పిచ్చితనంలా కనిపిస్తుంది. అప్పటికి ఎన్.బి.ఎ. అన్న పేరే లేదు, 1949లో రెండు లీగులు కలిసి ఆ పేరు పెట్టుకున్నాయి. జట్లు ఏడాదికొకటి పుట్టడం, మూసుకోవడం. ఆటగాళ్లు సెలవుల్లో వేరే పని చూసుకునేవాళ్లు. అలాంటప్పుడు కంపెనీ ఉద్యోగం అంటే మన ఇళ్లల్లో "గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది" అన్న మాటకు సమానం. అమ్మాయినిచ్చేవాళ్లు కూడా దాన్నే చూస్తారు కదా.

ఈ కంపెనీ జట్లు ఎంత బలంగా ఉండేవో ఒలింపిక్స్ చూస్తే తెలుస్తుంది. 1948లో అమెరికా జట్టును తేల్చే పోటీలో ఫిలిప్స్ వాళ్లు కెంటకీ యూనివర్సిటీని 53-49తో ఓడించారు. దాంతో ఒలింపిక్ జట్టుకు ఫిలిప్స్ కోచ్ బడ్ బ్రౌనింగ్ పెద్ద కోచ్, కెంటకీ కోచ్ అడాల్ఫ్ రప్ ఆయనకు సహాయకుడు. అమెరికన్లకు రప్ అంటే మనకు ఫుట్‌బాల్‌లో రహీమ్ సాబ్ అంతటివాడు. ఆయన ఒక పెట్రోలు కంపెనీ కోచ్ పక్కన రెండో కుర్చీలో కూర్చున్నాడు. 1952లో క్యాటర్‌పిల్లర్ కోచ్ వారెన్ వోంబుల్‌కు ఆ కుర్చీ వచ్చింది. ఫైనల్లో సోవియట్ జట్టు బంతిని దాచుకుంటూ ఆడింది, స్కోరు 36-25. 1954లో రియోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు అమెరికా తరఫున వెళ్లింది ఏకంగా క్యాటర్‌పిల్లర్ జట్టే, గెలిచి వచ్చింది కూడా. బుల్డోజర్ల ఫ్యాక్టరీ జట్టు ప్రపంచ కప్పు కొట్టుకొచ్చిందంటే ఇవాళ ఎవరైనా నమ్ముతారా?

సోవియట్ వాళ్లూ అమెచ్యూర్లేనట. సైన్యంలో ఉద్యోగి, పోలీసులో ఉద్యోగి, రోజంతా ఆట. మన రైల్వేస్, సర్వీసెస్ జట్లు దీనికి చుట్టాలే. అక్కడ కంపెనీ, ఇక్కడ సర్కారు. ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలిగించింది మాత్రం రెండుచోట్లా ఉద్యోగమే.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి, మన మీటింగులో దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఈ లీగు మగవాళ్లది. కానీ అమెరికాలో కంపెనీల ఆడపిల్లల జట్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. బేబ్ డిడ్రిక్‌సన్ అన్నావిడ 1932 ఒలింపిక్స్‌లో పరుగులోనూ జావెలిన్‌లోనూ బంగారు పతకాలు తెచ్చింది. ఆమె అంతకు ముందు డాలస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో స్టెనో. ఉద్యోగం ఇచ్చింది బాస్కెట్‌బాల్ ఆడించడానికే. మేజోళ్లు చేసే హేన్స్ మిల్లు ఆడపిల్లల జట్టు 1951 నుంచి మూడేళ్లు వరసగా జాతీయ ఛాంపియన్, మధ్యలో 102 ఆటలు ఓటమి లేకుండా ఆడింది. మన దగ్గరకొస్తే, రైల్వే ఆడపిల్లలు ఏళ్ల తరబడి జాతీయ బాస్కెట్‌బాల్‌ను ఏలారు. చెన్నై నుంచి ఆడిన అనిత పాల్‌దురై దక్షిణ రైల్వే ఉద్యోగి, 2021లో పద్మశ్రీ వచ్చింది. మన టోర్నమెంటులో ఆడపిల్లల జట్టు ఎక్కడ? కంపెనీ వాళ్లు అడగలేదు, మనమూ అడగలేదు.

ఇక ఆ లీగు ఎలా పోయిందో చెప్పాలి. ఒక్క దెబ్బకు పోలేదు. 1954లో ఎన్.బి.ఎ. 24 సెకన్ల గడియారం పెట్టింది, ఆట వేగం పెరిగింది. జనం వచ్చారు, టీవీ వచ్చింది, డబ్బు వచ్చింది. మంచి కుర్రాళ్లు అటు మళ్లారు. బాబ్ బూజర్ సంగతి చూస్తే గాలి ఎటు తిరిగిందో తెలుస్తుంది. 1959లో ఎన్.బి.ఎ. అందరికంటే ముందు ఎంచుకున్న ఆటగాడు అతను. ఒలింపిక్స్ కోసం ఒక్క ఏడాది ఆగి క్యాటర్‌పిల్లర్‌కు ఆడాడు. 1960 రోమ్‌లో పతకం తీసుకుని ప్రొఫెషనల్‌కు వెళ్లిపోయాడు. కర్లాండ్‌కు ఇల్లయిన చోటు పన్నెండేళ్లకే బూజర్‌కు బస్టాండయింది. అదే 1960లో క్యాటర్‌పిల్లర్ తన జట్టును తీసేసింది. అప్పటికి వాళ్లు అయిదుసార్లు జాతీయ ఛాంపియన్లు, ఆఖరిది ఆ ఏడాదిదే. గెలుస్తున్న జట్టునే మూసేశారు. ఓడిపోతే మూస్తారని, గెలుస్తుంటే ఉంచుతారని అనుకుంటాం మనం. కంపెనీ లెక్కలో గెలుపోటములకు వేరే గడి ఉంటుంది.

మరుసటి ఏడు, 1961లో, లీగే ఆగిపోయింది. ఆఖరి ఛాంపియన్ క్లీవ్‌లాండ్ పైపర్స్. ఆ జట్టు యజమాని జార్జ్ స్టైన్‌బ్రెనర్, తర్వాత న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టును కొన్నాయనే. కోచ్ జాన్ మెక్‌లెండన్, నల్లజాతి మనిషి. జట్టు కొత్త ప్రొఫెషనల్ లీగుకు మారినప్పుడు ఆ లీగులో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యాడు. ఆ కొత్త లీగు కూడా 1962 ఆఖరికి మూతపడింది, అది వేరే కథ. ఫిలిప్స్ వాళ్లు మాత్రం 1968 దాకా జట్టును నడిపి మొత్తం పదకొండు జాతీయ టైటిళ్లతో ఆపారు. ఆ వాసన ఇంకా ఒకచోట మిగిలే ఉంది. మన పిల్లలు డెట్రాయిట్ పిస్టన్స్ అని టోపీలు పెట్టుకుని తిరుగుతారు కదా, అది ఫోర్ట్ వేన్‌లో ఇంజన్ పిస్టన్లు చేసే జోల్నర్ కంపెనీ జట్టు. ఊరు మారినా పేరు పోలేదు.

సరే, ఇది మనకెందుకు?

మా చిన్నాన్న గారి సంగతి మీలో కొంతమందికి తెలుసు. డెబ్బైల్లో ఈ ఊళ్లో ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఆట మీద ఉద్యోగం వచ్చింది. చదువు ఎస్.ఎస్.ఎల్.సి. దాకానే. పొద్దున షిఫ్టుకు వెళ్లడం, మూడింటికి ప్రాక్టీసు. షాపులో పక్కవాళ్లు గొణిగేవారట, "వీడు బంతి ఎగరేస్తాడు, మేము ఇనుము రాకుతాం, జీతం ఒకటే" అని. ఆ గొణుగుడులోనూ న్యాయం ఉంది, కాదనం. ముప్పై ఒకటో ఏట మోకాలు పోయింది. ఆట ఆగింది, ఉద్యోగం ఆగలేదు. స్టోర్సులో వేశారు. అక్కడే ఇరవై ఏడేళ్లు చేసి, పి.ఎఫ్., గ్రాట్యుటీ పుచ్చుకుని, ముగ్గురు పిల్లలను చదివించి, ఇల్లు కట్టుకుని రిటైరయ్యారు. ఆయన గొప్ప ఆటగాడు కాదు, రాష్ట్ర జట్టుకు కూడా ఆడలేదు. కర్లాండ్‌కు దొరికింది చిన్న కొలతలో మా ఇంటికీ దొరికింది.

ఇంకో కుర్రాడి సంగతి. పేరు చెప్పం. మన వీధుల్లో పుట్టిన పిల్లవాడే. పోయిన ఏడాది ముందటేడు ఒక ప్రైవేటు టోర్నమెంటుకు ఆడాడు. జెర్సీ మీద ముందూ వెనకా పేర్లే, నంబరు వెతుక్కోవాల్సి వచ్చేది. మూడో ఆటలో మోకాలి లిగమెంటు తెగింది. నిర్వాహకులు ఆ రోజు ఆటోకు డబ్బిచ్చారు, మర్నాటి నుంచి ఫోను ఎత్తలేదు. ఆపరేషన్‌కు వాళ్లమ్మ గాజులు కుదువ పెట్టింది. డిగ్రీ రెండో ఏడు ఆగిపోయింది. ఇప్పుడు బండి మీద పార్సిళ్లు వేస్తున్నాడు, ఆ మోకాలితోనే. ఆ జెర్సీ మీద ఉన్న పేర్లకు, వాడికి ఏ సంబంధమూ లేదు, ఏ కాగితం మీదా లేదు.

చిన్నాన్న గారికీ ఈ కుర్రాడికీ మధ్య తేడా మోకాలిది కాదు. ఆయన పేరు మస్టర్‌లో ఉంది, వీడిది లేదు.

మస్టర్‌లో పేరు ఇచ్చిన చోట్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ పెద్ద బ్యాంకులో కలిసిపోయాయి. 2019 ఏప్రిల్‌లో మన ఊళ్లో బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ విజయా బ్యాంక్ పోయింది, 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంక్. బ్యాంకులు కలవడం మంచిదా చెడ్డదా అన్నది మా సబ్జెక్టు కాదు. నాలుగు గుమ్మాలు ఉన్నచోట రెండు ఉంటే, ఆట పట్టుకుని తలుపు తట్టే పిల్లలకు దారి తగ్గుతుంది, అంతే. మన తెలుగువాళ్లలో పైకొచ్చిన ఆటగాళ్ల వెనక ఇలాంటి ఒక గుమ్మం చాలాసార్లు కనిపిస్తుంది. సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఉద్యోగం ఫుడ్ కార్పొరేషన్‌లో. సింధు వాళ్ల నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టు మనిషి, రైల్వే ఉద్యోగి. ఆ ఇంట్లో అంత నిలకడ లేకపోతే తర్వాతి తరం రాకెట్ పట్టుకునేదా అని మాకో అనుమానం.

కాబట్టి కంపెనీని తరిమేయమని మేము చెప్పం. పెద్దలు మమ్మల్ని మన్నించాలి. మన కప్పుకు తాతల పేరు ఉంది, దాన్ని ఎవరూ తీసేయకూడదు, అది కప్పు మీద చెక్కే ఉంటుంది. దాని ముందు ఒక కంపెనీ పేరు చేరితే తాతలు చిన్నబోరు. వాళ్లే మిల్లుల్లో, గనుల్లో, రైల్వేల్లో కూలికి వచ్చి ఈ ఊళ్లో నిలబడ్డవాళ్లు. ఇంకో మాట, జెర్సీ మీద ఏ పేరు వేసినా కన్నడంలో కూడా వేయాలి. ఈ నేల మీద ఆడుతున్నాం, ఈ ఊరి పిల్లలతో కలిసి ఆడుతున్నాం. పెద్ద అక్షరాలు ఏ లిపిలో అని మళ్లీ ఒక మీటింగు పెట్టకండి దయచేసి.

మా పేచీ వాళ్లు ఇస్తామన్నదాని మీద. నగదు బహుమతి వద్దని చెబుదాం. గెలిచిన జట్టుకు ఇచ్చే డబ్బు పదిమంది పంచుకుంటే ఒక నెల రీచార్జులకు, బిరియానీలకు సరి. ఆ డబ్బుకు బదులు ఏడాదికి ఇద్దరు పిల్లలను, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, అప్రెంటిస్‌గా తీసుకోమని అడుగుదాం. ఇది బిచ్చం కాదు. 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది, మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి పదిహేను శాతం దాకా. ఆ కంపెనీలో వందల మంది ఉన్నారు. ఎవరో ఒకరిని ఎలాగూ తీసుకోవాలి, మన పిల్లలను కూడా చూడమని అంటున్నాం. తమాషా ఏమిటంటే ఆ అప్రెంటిస్ చట్టం వచ్చిందీ 1961లోనే, అక్కడ ఆ లీగు ఆగిన ఏడాదే.

అలాగే ఆడే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ దెబ్బలకు ఇన్సూరెన్స్, టోర్నమెంటు మొదలయ్యే ముందే కాగితం మన చేతికి రావాలి. ఇది లేకపోతే మిగతావి ఏవీ వద్దు. ఈ ఒక్కదాని మీద మేము పట్టు విడవం. ఆ పార్సిళ్ల కుర్రాడి అమ్మగారు మన సంఘం ఉగాదికి ప్రతి ఏడూ వస్తారు. ఆవిడ ముందు మళ్లీ జెర్సీలు పంచడానికి మాకు మొహం చెల్లదు.

"ఇన్ని అడిగితే వాళ్లు వెళ్లిపోతారు" అని కార్యవర్గంలో ఒకరిద్దరు అంటున్నారు. వెళ్లిపోవచ్చు. అడగకుండా ఉన్నా మూడేళ్లకు వెళ్లిపోతారు, ఒప్పందంలో రాసి ఉన్నదే మూడేళ్లు. క్యాటర్‌పిల్లర్ అంతటిది ఛాంపియన్ జట్టునే మడిచిపెట్టేసింది, వీళ్లు మన టోర్నమెంటును పట్టుకుని వేళ్లాడతారా? వెళ్లిపోయే చుట్టం ఉన్నన్నాళ్లు ఏం చేసి వెళ్లాడన్నది చూసుకోవాలి. లైట్లు వేస్తే లైట్లు మిగులుతాయి, కరెంటు బిల్లు ఎవరు కడతారో ఇప్పుడే రాసుకుందాం. ఇద్దరికి పని నేర్పితే ఆ ఇద్దరూ మిగులుతారు. బ్యానర్లు మాత్రం పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గర కింద పరుచుకోవడానికి పనికొస్తాయి.

అందుకనే కోర్టు పేరు, కోర్టు తాళం, జట్టు ఎంపిక ఈ మూడూ ఎట్టి పరిస్థితిలోనూ మన దగ్గరే ఉండాలి. జట్టును కంపెనీ మనిషి ఎంపిక చేస్తే మొదటి ఏడు మన పిల్లలు, రెండో ఏడు బయటి ఊరి పొడుగు పిల్లలు, మూడో ఏడు మన పిల్లలు నీళ్ల బాటిళ్లు అందిస్తుంటారు. బార్ట్‌ల్స్‌విల్ జట్టులో బార్ట్‌ల్స్‌విల్ కుర్రాళ్లు ఎక్కువ మంది ఏమీ లేరు, దేశం మొత్తం నుంచి ఏరుకొచ్చినవాళ్లే. ఫిలిప్స్ వాళ్లకు అది సరే, వాళ్లకు పతకం కావాలి. ఇరవై వేల మంది కూడా లేని ఆ ఊరు తమ జట్టని చప్పట్లు కొట్టింది. మనకు పతకం అక్కర్లేదు. సాయంత్రం ఆరు తర్వాత మన పిల్లలు ఎక్కడున్నారో తెలిస్తే చాలు.

ఒక అనుమానం మాకూ ఉంది, దాచం. అప్రెంటిస్‌గా తీసుకున్న పిల్లలను నిజంగా పని నేర్పడానికి వాడతారా, చవక కూలికి వాడతారా? రెండోదే ఎక్కువచోట్ల జరుగుతోందని మన ఇళ్లలో ఐ.టి.ఐ. చదివిన పిల్లలే చెబుతారు. అందుకని మన సంఘంలో ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన పెద్దలు ఇద్దరు మూడు నెలలకోసారి వెళ్లి చూసి రావాలి. చిన్నాన్న గారు ఒప్పుకున్నారు. మోకాలు నొప్పి కాబట్టి ఆటో చార్జీ సంఘం పెట్టుకోవాలని షరతు పెట్టారు.

ఇవన్నీ ఒక పేజీ కన్నడ లెటరుగా రాసి కార్యదర్శి గారికి ఇచ్చాం, తెలుగు ప్రతి కూడా జతచేశాం. ఆదివారం పదిన్నరకు కల్యాణ మంటపం పై అంతస్తులో మీటింగు. ఆడపిల్లల జట్టులో చేరే పిల్లల పేర్లు కూడా ఆ రోజే రాసుకుంటాం. ఇప్పటికి నలుగురు వచ్చారు, కనీసం ఎనిమిది మంది కావాలి. మీ ఇంట్లో ఉంటే వెంటబెట్టుకుని రండి, బూట్లు లేకపోయినా పర్వాలేదు.